దేవతను తాగడమంటే ఏమిటి?



ముందుగా ఒక వాక్యం వినండి. "రాజు, రాణి కూర్చుని సూర్యదేవతను తాగుతారు." మరోసారి చెబుతాను. "రాజు, రాణి కూర్చుని సూర్యదేవతను తాగుతారు."

సూర్యదేవతకు దణ్ణం పెడతారని కాదు. తీర్థం పుచ్చుకుంటారనీ కాదు. దేవతనే తాగుతారట. చుట్టుపక్కల వాక్యాల్లో తీగల వాద్యం ఉంటుంది. పాట ఉంటుంది. రాజు చేత్తో తుంచే రొట్టె ఉంటుంది. తాగిందేమిటో మాత్రం ఉండదు. ఆ పేరు ఉండాల్సిన చోట దేవత పేరు ఉంటుంది.

ఇది హిట్టైటు భాషలోని వాక్యం. ఆ భాష ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. ఇప్పటి టర్కీలో, అంకారాకు తూర్పున, బోగజ్‌కలె అనే ఊరు ఉంది. దాని పాత పేరు బోగజ్‌కోయ్. ఒకప్పుడు అది హత్తుశ అనే రాజధాని. క్రీస్తుకు పూర్వం పదిహేడో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం మొదటి దాకా హిట్టైటు రాజులు అక్కడి నుంచి ఏలారు. 1906లో హ్యూగో వింక్లర్, థియోడోర్ మక్రిది అనే ఇద్దరు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. మట్టి పలకలు బయటపడ్డాయి. ఇప్పటికి పలకలు, ముక్కలు కలిపి సుమారు 30,000 దొరికాయి. వాటిలో పండగలు ఎలా చెయ్యాలో చెప్పేవే ఎక్కువ. ఏ రోజు ఏ గుడికి వెళ్ళాలి, ఎవరు ముందు నడవాలి, రాజు ఎప్పుడు చెయ్యి కడుక్కోవాలి, అన్నీ వరసగా రాసిపెట్టారు. మన గుళ్ళలో ఉత్సవాల క్రమం రాసిపెట్టుకుంటారే, అలాగన్నమాట.

ఆ పలకల్లో పదే పదే వచ్చే క్రియ ఇది. ఎకుత్సి అంటే ఒకరు తాగుతారు. అకువంత్సి అంటే పలువురు తాగుతారు. ఎకు అన్నది దాని మూలం. ఈ పూట మనం మాట్లాడుకునేది ఈ ఒక్క క్రియ గురించే.

అసలు ఎకు అంటే తాగడమని ఎలా తెలిసింది? చెప్పడానికి ఆ భాషవాళ్ళు ఎవరూ లేరు కదా!

మీలో చాలామంది కర్ణాటక వెళ్ళి ఉంటారు. బస్సు మీది కన్నడ అక్షరాలు కొంచెం కూడబలుక్కుంటే చదివేస్తాం. చదవగలం, కాని భాష రాకపోతే అర్థం తెలియదు. హిట్టైటు పలకల ముందు పండితుల పరిస్థితి సరిగ్గా అదే. మేకుల్లాంటి గుర్తులతో రాసే ఆ లిపి బాబిలోనియా వైపు నుంచి వచ్చింది. దాన్ని అప్పటికే చదవడం నేర్చారు. శబ్దం పలుకుతోంది, అర్థం పలకడం లేదు.

బెద్రిఖ్ హ్రోజ్నీ అనే చెక్ పండితుడు ఈ పని మీద కూర్చున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఒక పలకలో ఆయన కంటికి ఒక వాక్యం తగిలింది. ఇలా ఉంటుంది. "ను నిండ-అన్ ఎత్సత్తేని, వాతర్-మ ఎకుత్తేని."

నిదానంగా చూద్దాం. నిండ అన్నది సుమేరియన్ల గుర్తు. రొట్టె అని దాని అర్థం. అది పండితులందరికీ తెలిసిందే. మిగతాదంతా చీకటి. అయితే రొట్టె కనిపించిన చోట తినడం ఉండొచ్చు కదా? పక్కనున్న మాట ఎత్సత్తేని. జర్మన్‌లో తినడాన్ని ఎస్సెన్ అంటారు. సంస్కృతంలో అద్ అనే ధాతువుంది, తినడమనే అర్థంలో. మనం రోజూ అనే "అన్నం" ఆ ధాతువు నుంచే పుట్టింది. తరవాత మాట వాతర్. ఇంగ్లీషు తెలిసినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. అది నీళ్ళు. సంస్కృతంలోని ఉదకం కూడా ఆ కుటుంబంలోదే.

ఇక మిగిలింది ఎకుత్తేని. రొట్టె తింటారు, నీళ్ళు ఏం చేస్తారు? తాగుతారు. పైగా రెండు క్రియలకూ చివర ఒకే తోక ఉంది. ఎత్స-త్తేని, ఎకు-త్తేని. మనకు తింటారు, తాగుతారు అన్నట్టు. అలా పక్క మాటలను అడిగితే ఈ మాట అర్థం బయటపడింది. "మీరు రొట్టె తింటారు, నీళ్ళు తాగుతారు." 1915 నవంబరులో హ్రోజ్నీ బెర్లిన్‌లో ఈ సంగతి ప్రకటించాడు. హిట్టైటు మన సంస్కృతానికీ, గ్రీకుకూ, లాటిన్‌కూ చుట్టమని తేలింది. అంతకు పదమూడేళ్ళ ముందే, 1902లో, క్నూట్‌సన్ అనే నార్వే పండితుడు ఈ చుట్టరికం ఊహించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆయనే వెనక్కి తగ్గాడు. ఆ భాషలో ఆయన చేతిలో ఉన్నవి రెండే ఉత్తరాలు మరి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మాటల పోలిక ఎంత సాయపడుతుందో, అంత ముంచుతుంది. తెలుగులో శిక్ష అంటే ఏమిటి? తప్పుచేసినవాడికి పడేది. హిందీలో శిక్షా అంటే చదువు. తెలుగులో ఉపన్యాసం వేదిక మీద ఇస్తాం. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. మాట ఒకటే, పుట్టిల్లు ఒకటే, కాపురాలు వేరు. ఇంకో సంగతి. "నిండ-అన్" చివర అన్ ఉంది చూశారా? అది మన "ను" విభక్తి చేసే పనే చేస్తుంది. రొట్టెను, దేవతను అన్నట్టు. చూడగానే ప్రాణం లేచొస్తుంది. తెలుగుకూ హిట్టైటుకూ బంధుత్వం దొరికిందని పరుగెత్తాలనిపిస్తుంది. కాని అది కాకతాళీయం. దాని అసలు చుట్టం సంస్కృతంలో ద్వితీయావిభక్తి చివరి మకారం. కాబట్టి పోలిక చూసి మురిసిపోకూడదు. పక్క మాటలను అడగాలి.

ఈ "పక్క మాటలు" అన్నదాన్ని మన ఇంట్లో నుంచే చూద్దాం.

పోయడం అనే క్రియ తీసుకోండి. పోయడమంటే ఏమిటి? గిన్నెలోంచి నీళ్ళో పాలో వంచడం. బాగానే ఉంది. మరి అమ్మ అట్లు పోసింది. పండక్కి పిల్లలకు తలంటు పోసింది. డాక్టరు ప్రాణం పోశాడు. పక్కింటి కోడలు నీళ్ళోసుకుంది. అంటే కడుపుతో ఉందన్నమాట. ఇక చిన్నపిల్లాడికి అమ్మవారు పోసింది. ఈ చివరి వాక్యం మీద ఒక్క నిమిషం ఆగండి.

ఇంకో మూడు వేల ఏళ్ళ తరవాత తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదనుకోండి. ఒక పండితుడికి మన కాగితం ముక్క ఒకటి దొరికింది. "మావాడికి అమ్మవారు పోసింది" అని ఉంది దాని మీద. ఆయన దగ్గరున్న నిఘంటువులో పోయడమంటే ద్రవాన్ని వంచడమని మాత్రమే ఉంది. ఏమనుకుంటాడు? ఎవరో దేవత వచ్చి పిల్లాడి మీద ఏదో వంచిందనుకుంటాడు. పెద్ద వ్యాసమే రాస్తాడు. తెలుగువాళ్ళ దేవతాభిషేకం అని పేరు కూడా పెడతాడు.

అదే ఆయనకు ఇంకో నాలుగు కాగితాలు దొరికాయనుకోండి. ఒకదాంట్లో "ఒళ్ళంతా పొక్కులు" అని ఉంది. ఇంకోదాంట్లో "పక్క మీద వేపాకు పరిచాం" అని. మరోదాంట్లో "వారం రోజులు బడికి పంపలేదు" అని. ఇంకోదాంట్లో "తగ్గాక పసుపు, వేపాకు వేసిన నీళ్ళతో స్నానం చేయించాం" అని. అప్పుడు తెలుస్తుంది, ఇది జబ్బు సంగతని. ఒక్క కాగితం తప్పు చెప్పింది. అయిదు కాగితాలు కలిసి నిజం చెప్పాయి. ఈ పూట నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ఒక్క వాక్యం చూసి మాటకు అర్థం కట్టకూడదు. అది వచ్చిన చోట్లన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక మన సూర్యదేవత దగ్గరికి తిరిగి వద్దాం.

"దేవతను తాగుతారు" అన్న వాక్యం ఒక్కసారి వచ్చి ఉంటే, రాసినవాడు ఏదో మరిచిపోయాడనుకునేవాళ్ళం. ఒక్కసారి కాదు. పండగల పలకల నిండా ఇదే. ఒకచోట సూర్యదేవతను, ఆమె కూతురు మెత్సుల్లను తాగుతారు. ఒకచోట ఉరుముల దేవుణ్ణి తాగుతారు. ఒకచోట కూర్చుని తాగుతారు, ఒకచోట నిలబడి తాగుతారు. తాగగానే పెద్ద తీగవాద్యం మోగుతుంది. గాయకులు పాడతారు. పానపాత్రలు అందించే సేవకుడు బయటి నుంచి మందపాటి రొట్టె తెచ్చి రాజుకిస్తాడు. రాజు దాన్ని తుంచుతాడు. మళ్ళీ ఇంకో దేవుడు. మళ్ళీ అదే క్రమం. కాబట్టి ఇది పొరపాటు కాదు. వాళ్ళ భాషలో స్థిరపడ్డ నుడికారం.

రాజు చనిపోయినప్పుడు 14 రోజులు చేసే కర్మకాండ పలకలు కూడా ఉన్నాయి. వాటిలో చనిపోయినవారి ఆత్మను తాగుతారని వస్తుంది. వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. కాని మనం మాత్రం ఏమంటాం? "ఇవాళ మా ఇంట్లో పెద్దలకు పెట్టుకున్నాం" అంటాం. ఏం పెట్టారు? ఎక్కడ పెట్టారు? వాక్యంలో ఏమీ లేదు. తెలియనివాడికి అది సగం వాక్యం. మనకు నిండు వాక్యం.

పండితులు దీన్ని మూడు దారుల్లో అర్థం చేసుకోవాలని చూశారు.

ఒక దారి, దేవతకు తాగిస్తారు అనుకోవడం. ఇది మనకు వెంటనే తడుతుంది. తెలంగాణలో బోనాల నాడు అమ్మవారికి సాక పోస్తారు కదా. దేవతకు నీళ్ళో కల్లో సమర్పించడం మనకు కొత్త కాదు. కాని పక్క మాటలను అడిగితే ఈ దారి మూసుకుపోతుంది. అవే పలకల్లో "రాజు తాగడానికి అడుగుతాడు" అని వస్తుంది. అకువన్న వేక్‌త్సి అంటారు. ఆ వెంటనే దేవత పేరు, తాగడం వస్తాయి. అడిగింది రాజు, తాగేదీ రాజే. పైగా తాగడానికి ఇవ్వడమనే అర్థంలో వాళ్ళకు వేరే మాట ఉంది. అకువన్న ఇవ్వడం అంటారు. తాగించారని చెప్పాలంటే అలా చెప్పగలరు. ధార పొయ్యడానికి కూడా వేరే క్రియ ఉంది. శిపంద్ అంటారు. మూడు పనులకు మూడు మాటలున్నప్పుడు ఒకదాని అర్థం ఇంకోదానికి అంటగట్టడం న్యాయం కాదు.

రెండో దారి, దేవత పేరు చెప్పి తాగుతారు అనుకోవడం. యాన్ పుహ్వెల్ అనే పండితుడు 1957లో దీన్ని గట్టిగా వాదించాడు. దేవత గౌరవార్థం తాగుతారు, అంతే అన్నాడు. క్రెయిగ్ మెల్చర్ట్ 1981లో దీనికి వ్యాకరణం దారి చూపించాడు. మొదట "దేవత కోసం ఫలానా పానీయం తాగుతారు" అని వాక్యం ఉండేది. పానీయం పేరు అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పడం మానేశారు. ఖాళీ అయిన ఆ చోటులోకి దేవత పేరు జరిగి కూర్చుంది.

మాటలు ఇలా జరుగుతాయా? జరుగుతాయి. మన తాగడమనే క్రియనే చూడండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో వయసుమళ్ళిన ఆడవాళ్ళు చుట్ట తాగడం మీలో కొందరు చూసే ఉంటారు. నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుంటారు. దాన్ని అడ్డపొగ అంటారు. బయటికి నిప్పు కనబడదు. పెదవుల సందులోంచి సన్నగా పొగ వస్తుంది. ఆ ముసలమ్మ ఏం తాగుతోంది అంటే చుట్ట తాగుతోంది అంటాం. చుట్టను ఎవరైనా తాగుతారా? లోపలికి పోయేది పొగ. కాని పొగ పేరు ఎత్తం. పొగ ఉండాల్సిన చోట చుట్ట కూర్చుంది. మనలో ఎవరికీ అది వింతగా తోచదు. చుట్ట అంటే ఏమిటో తెలియనివాడికి మాత్రం, అదేదో గ్లాసులో పోసుకునే పానీయమే!

మూడో దారి, ఉన్నది ఉన్నట్టే తీసుకోవడం. దేవతను తాగుతారు అంటే దేవతనే తాగుతారు. హాన్స్ గుస్తావ్ గూటర్‌బాక్ అనే మహాపండితుడు ఈ వైపు నిలబడ్డాడు. ఆ పానంలో దేవత తమ లోపలికి వస్తుందని వాళ్ళు నమ్మి ఉంటారన్నాడు. దీన్ని ఊరికే తోసెయ్యడానికి లేదు. హిట్టైటుల పూజల్లో బిబ్రు అనే పాత్రలుంటాయి. జంతువుల ఆకారంలో చేసిన పానపాత్రలు. అలాంటి వెండి పాత్ర ఒకటి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దుప్పి ముందు భాగం ఆకారం. కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తల ఎత్తి ఉంది.  ఎత్తు 18 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. దాని అంచు చుట్టూ పూజ చేస్తున్న మనుషుల బొమ్మలు చెక్కారు. ఒక దేవత కూర్చుని ఉంది. ఒక దేవుడు దుప్పి మీద నిలబడి ఉన్నాడు. దేవుడి వాహనం ఆకారంలో ఉన్న పాత్రలోంచి తాగుతుంటే, నోటికి తగిలేది ద్రాక్షసారా ఒక్కటేనా? ఆ తాగే మనిషికి ఏమనిపించి ఉంటుంది?

నన్నడిగితే వ్యాకరణానికి రెండో దారే సరైనదంటాను. చుట్ట తాగడం దానికి సాక్ష్యం. కాని వ్యాకరణం తేలినంత మాత్రాన భక్తి తేలిపోదు. తీర్థం చేతిలో పోస్తే మనం నీళ్ళు తాగాం అనం. తాగాక తడి చెయ్యి తలకు రాసుకుంటాం. నీళ్ళు మాత్రమే అనుకున్నవాడు ఆ పని చెయ్యడు. అందుకే ఆ పలకను తెలుగు చెయ్యాల్సి వస్తే నేను "దేవతను తాగుతారు" అనే రాస్తాను. "దేవత గౌరవార్థం పానం చేస్తారు" అని సర్దను. వాళ్ళు అన్నది అన్నట్టు ఉంచాలి.

పక్క మాటలను అడిగే ఈ పద్ధతి ఒక్క హిట్టైటుకే కాదు. అనతోలియాలోనే పడమటి వైపు లిడియన్ అనే ఇంకో భాష ఉండేది. సార్డిస్ నగరంలో 1912లో ఒక సమాధి రాయి దొరికింది. దాని మీద లిడియన్, అరమాయిక్ అనే రెండు భాషల్లో రాశారు. ఈ సమాధికి చెరుపు చేసినవాడి ఇంటినీ, వాకిలినీ, మట్టినీ, నీటినీ ఆర్తెమిస్ దేవత నాశనం చెయ్యాలని శాపం. పక్కనున్న అరమాయిక్ పాఠాన్నీ, ఆ చోటునీ బట్టి కొన్ని లిడియన్ క్రియల అర్థం చిక్కింది. మనకిది తెలిసిన సంగతే. రేనాటి చోళుల నాటి తెలుగు శాసనాల్లో దానం చెప్పాక, దీనికి "వక్రంబు వచ్చు"వాళ్ళు పంచమహాపాతకులు అని ఉంటుంది. ఆ మాట ఈనాడు ఎవరమూ వాడం. అయినా అర్థమవుతుంది. దానం తరవాత, పాపానికి ముందు ఉన్న మాట అడ్డుపడటం కాక మరేమవుతుంది?

షికాగో విశ్వవిద్యాలయంలో ఇందాక చెప్పిన గూటర్‌బాక్, హారీ హాఫ్నర్ కలిసి హిట్టైటు నిఘంటువు మొదలుపెట్టారు. వాళ్ళు "ఎ" అక్షరంతో మొదలుపెట్టలేదు. జర్మనీలో వేరేవాళ్ళు అప్పటికే అక్కడి నుంచి వస్తున్నారని "ఎల్" అక్షరంతో మొదలుపెట్టారు. మొదటి భాగం 1980లో వచ్చింది. దాని వెనక ఉన్నది కార్డుల గుట్ట. ఒక్కో మాట ఏ పలకలో, ఏ వరసలో, ఏ మాట పక్కన వచ్చిందో ఆ కార్డుల్లో ఉంటుంది. ముందు కార్డులన్నీ పరచుకోవాలి. అర్థం తరవాత రాయాలి.

శ్రోతలారా, ఒక కోరిక. మీ ఇంట్లో అమ్మమ్మో, తాతయ్యో మీకు తెలియని మాట ఒకటి అంటారు. వంటింట్లోనో, పొలం గట్టు మీదో, పురుడు గదిలోనో. ఆ మాట ఒక్కటే రాసుకుని పక్కన అర్థం రాసి ఊరుకోకండి. వాళ్ళు అన్న వాక్యం మొత్తం రాయండి. ఏ పని చేస్తూ అన్నారో రాయండి. అంతకు ముందు ఏమన్నారో, తరవాత ఏమన్నారో రాయండి. ఊరు పేరు, తేదీ వెయ్యండి. వాళ్ళు మన మధ్య ఉండగానే, ఈ రాత్రి భోజనాల దగ్గరే, మొదటి వాక్యం రాయండి.